అయిదో పుస్తకం

మా ఆయన వీరస్వామి పోయిన రోజున ఆయన చదువు యంత్రాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. ఇప్పుడు అన్ని ఇళ్లలోనూ పుస్తకాలు ఇలాంటి యంత్రాలే చదువుతాయి. మనుషులు సారాంశం వింటారు. వైజ్ఞానిక కథల బహుమతికి ఓటుగా పుస్తకాల పేర్లు పంపేదీ అవే. మేమిద్దరం మాత్రం వంతులవారీగా పైకి చదువుకుని, వాదించుకుని పంపేవాళ్లం. యంత్రం మూలన కూర్చుని వినేది.

నెల తర్వాత బహుమతి సంఘం గుమాస్తా సమ్మయ్య ఫోన్ చేశాడు.

"టీచరమ్మా, సారు ఓటొచ్చింది. మీదే రాలే. ఈసారి గూడ కొట్లాట తెగలేదా?"

"సారు పోయి నెలయింది, సమ్మయ్యా."

"అయ్యో, నాకెరుకలేదమ్మా. మరి ఈ అయిదు పేర్లు తీసెయ్యాల్నా?"

చదవమన్నాను. నాలుగు ఆయన మెచ్చినవే. అయిదోది, ఆయన ఆసుపత్రికి వెళ్లేనాటికి మేం సగంలో ఉన్న పుస్తకం. మిగతాది యంత్రం ఒక్కటే చదివేసుకుని, ఆయన పేరున ఓటు పంపేసింది. పూర్తిగా చదవనిదానికి ఆయన ఎన్నడూ ఓటు వేయలేదు.

"అయిదోది ఆపు. నేను చదివి చెబుతాను."

"ఆదివారమే ఆఖరు, టీచరమ్మా. మిషన్‌తోని చెప్పించుకోరాదుండ్రి?"

"వద్దు."

నూట పన్నెండో పేజీలో ఆయన గుర్తుగా పెట్టిన హాజరుపట్టీ ముక్క అలాగే ఉంది. అక్కడి నుంచి చదవాల్సిన వంతు ఆయనది. నేనింకా మొదలుపెట్టలేదు.