వెనక బెంచీ బుద్ధిమంతుడు

"ఈ పిల్లయినా బడిలో ఉండాలి, నేనైనా ఉండాలి," అంది మూడో తరగతి టీచరమ్మ.

పిల్లంటే పిడుగు. ఆ పేరు టీచరమ్మ పెట్టిందే. హాజరు పిలిస్తే తన పేరుకే కాక పక్కవాడి పేరుకీ తనే పలుకుతుంది. పాఠం జరుగుతుంటే వాడితో ఒకటే కబుర్లు. వాడి దగ్గరికి ఎవరెళ్లినా కరుస్తుంది. నిన్న ఊడవడానికి వెళ్లిన ఆయమ్మకీ అదే గతి పట్టింది. దాంతో టీచరమ్మకు చిర్రెత్తి, సాయంత్రంలోగా టీసీ ఇచ్చి పంపేయాల్సిందేనని పట్టుబట్టింది. సంగతి తేల్చమని హెడ్మాస్టరు పిల్లల మనసు చూసే డాక్టరుని పిలిపించాడు.

"పక్కవాణ్ని చూడండి," అని గుమ్మంలోంచే చూపించింది టీచరమ్మ.

వారం రోజులుగా ముసురు. వెనక బెంచీలో రెయిన్‌కోటు టోపీ కిందికి దించుకుని, గోడకు ఆనుకుని ఉన్నాడు బుద్ధిమంతుడు.

"కదలడు, మెదలడు. నోట్లో వేలు పెట్టినా కొరకడు. ఈసారి మంచి నడవడి బహుమతి వాడికే."

డాక్టరు ముఖం ముడుచుకుంది. "మీరు తిరగేసి చూస్తున్నారు టీచర్ గారూ. అల్లరి పిల్లకేం ఫర్వాలేదు. భయపడాల్సింది వాడి గురించే."

"ఆ మాట ఆయమ్మతో చెప్పండి."

డాక్టరు వెనక బెంచీ వైపు నడిచాడు. పిడుగు చేతులు చాపి అడ్డం నిలబడింది.

"వాడికి మాట్లాడ్డం ఇష్టం లేదు. ఏదున్నా నాతో చెప్పండి."

పిడుగు పళ్లు చూసి డాక్టరు ఆగిపోయాడు. దూరం నుంచే పలకరించాడు. బుజ్జగించాడు. జోకు వేశాడు. తరగతంతా నవ్వింది, వాడు తప్ప. డాక్టరు చెమట తుడుచుకున్నాడు.

"ఇంత ముదిరిన కేసు నేనెప్పుడూ చూడలేదు. వెంటనే వాళ్లమ్మను పిలిపించండి."

టీచరమ్మకు ఒళ్లు మండింది. తరగతి మొత్తానికి మాట వినేవాడు వాడొక్కడే. వాడికా జబ్బు అంటగట్టేది? అయినా ఫోన్ చేయించింది, మీవాడి సంగతి మాట్లాడాలి, ఉన్నపళంగా రమ్మని.

పిడుగు ముఖం మొదటిసారి పాలిపోయింది. రెయిన్‌కోటు చేతిని గట్టిగా పట్టుకుంది.

"వాళ్లమ్మొస్తే తీసుకెళ్లిపోతుంది టీచర్. వద్దు టీచర్."

తల్లి ఆయాసపడుతూ వచ్చింది. "మీవాడు రత్నం అండీ," అంది టీచరమ్మ. "మీవాడికి ఇవాళే వైద్యం మొదలెట్టాలి," అన్నాడు డాక్టరు.

ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, వెనక బెంచీ కేసి చూసింది.

"మావాణ్ని పోయిన నెలే ఆఫీసులో టీసీ తీసుకుని వేరే బళ్లో చేర్చాం కదండీ, ఆ బెంచీ మీద మర్చిపోయిన రెయిన్‌కోటు ఇచ్చేస్తే పట్టుకెళ్తాను."