వంతెన దగ్గర వీడ్కోలు

“ఇంకా నెమ్మదిగా,” అంది ఈష్‌బెల్.

“ఇంతకన్నా నెమ్మదిగా లాగితే కమాను నిద్రపోతుందే అక్కా,” అన్నాడు లాక్లన్. పొద్దుటి నుంచీ ఫిడేలు గడ్డం కింద పెట్టుకుని అవస్థ పడుతున్నాడు.

“పోతే పోనీ. ఆవిడ కళ్ళు చెమర్చాలి. లేకపోతే వచ్చే నెల నీ కూతురి పెళ్ళి గొర్రెల దొడ్లో చేసుకుందువు గాని.”

ఈష్‌బెల్ అన్నదాంట్లో అబద్ధం లేదు. గ్లెన్ ఆర్రాక్ లోయ మొత్తానికి పెళ్ళయినా, ఆటపాటలైనా ఆ ఒక్క హాలే గతి. అది నిలిచిన స్థలం డ్రమండ్ వంశానిది. కౌలు గడువు తీరిపోయింది. వారసురాలు హెన్రియెట్టా డ్రమండ్ సంతకం పెడితే హాలు ఊరికి దక్కుతుంది. పెట్టకపోతే దాన్ని పడగొట్టి, సెలవులకొచ్చే పట్నం వాళ్ళకి అద్దె ఇళ్ళు కడతారు.

ఫోన్లో ఆమె అడిగింది ఒక్కటే. “మా తాతమ్మ గ్రిజెల్ పేరిట అక్కడో పాట ఉందట కదా. అది వినిపించండి. సంతకం సంగతి ఆ తర్వాత చూద్దాం.”

ఆ మాట వినగానే ఈష్‌బెల్ ఫోన్ పెట్టేసి తిన్నగా తమ్ముడి ఇంటికి పరిగెత్తింది.

సాయంత్రానికి ఊరంతా హాల్లో చేరింది. ఈష్‌బెల్ బడి పంతులమ్మ ఉద్యోగం మానేసి చాలా కాలమైంది గానీ, ఆ గొంతు మాత్రం మానలేదు.

“తలలు దించుకు కూర్చోండి. ఒకరి మొహం ఒకరు చూసుకోవద్దు. కాళ్ళు బెంచీల కిందే ఉండాలి. ముఖ్యంగా నువ్వు, ఎల్స్‌పెత్ అవ్వా.”

“నాకు చెప్పొచ్చావా. నీకు అక్షరాలు రాని రోజుల నుంచీ ఈ పాట వింటున్నాను,” అంది అవ్వ.

హెన్రియెట్టా వానలో తడిసిన కోటుతో వచ్చింది. అరవై దాటిన మనిషి, పొడుగ్గా, నవ్వెరగని మొహం. ముందు వరసలో కూర్చుంది. ఓట్ కేకు ఇస్తే వద్దంది. అది చూసి లాక్లన్ ఫిడేలు మళ్ళీ శ్రుతి చూసుకున్నాడు.

ఈష్‌బెల్ లేచి పాట చరిత్ర చెప్పింది.

“మీ తాతమ్మగారు ఆ పెద్ద బంగళాలో పదకొండేళ్ళు ఉన్నారమ్మా. ఇక తిరిగి రానని చెప్పి ఎడింబరో బండెక్కిన పొద్దున, లోయలో ఒక్క మనిషి ఇంట్లో లేడు. అందరూ వంతెన దగ్గరే. బండి మలుపు తిరగ్గానే మా ముత్తాత అక్కడికక్కడే ఈ పాట కట్టాడు. ఆ రాత్రి ఎవరూ కన్ను మూయలేదు. ఆవిడ భర్త, మీ ముత్తాతగారైతే తెల్లారేసరికి నిలబడలేకపోయారు. మావాళ్ళే మోసుకెళ్ళి పడుకోబెట్టారు.”

“ఆ మాట మా ఇంట్లోనూ చెబుతారు,” అంది హెన్రియెట్టా.

“ఈ లోయలో ఇప్పటికీ పిల్లల్ని పడుకోబెట్టేటప్పుడు ఆవిడ పేరే తలుచుకుంటాం,” అని ముగించి ఈష్‌బెల్ గబగబా కూర్చుంది.

లాక్లన్ కమాను ఎత్తాడు. నిండు బిందె తొణక్కుండా మోసే మనిషిలా ఒక్కో స్వరాన్నీ జాగ్రత్తగా దాటించాడు. కుడికాలు కదలకుండా ఎడమకాలితో తొక్కిపెట్టాడు. పాట ఎంత బాగుందంటే, అతనికే ఆశ్చర్యం వేసింది.

వెనక బెంచీల్లో భుజాలు అదరడం మొదలైంది. ఎవరో దగ్గారు. ఎవరో టోపీలో మొహం దాచుకున్నారు. ఎల్స్‌పెత్ అవ్వ రుమాలు నోట్లో కుక్కుకుంది. అయినా ఆగలేకపోతుంటే ఇద్దరు పట్టుకుని వంటగదిలోకి తీసుకెళ్ళారు.

“పాపం, ఆవిడకి కాసిని మంచినీళ్ళివ్వండి,” అంది హెన్రియెట్టా.

పాట అయిపోయింది. ఎవరూ తల ఎత్తలేదు. ఈష్‌బెల్ కాగితం తెచ్చి ముందు పెట్టింది. హెన్రియెట్టా కలం తీసింది. తీసి, పక్కన పెట్టేసింది. తడి కోటు విప్పి కుర్చీ మీద వేసింది.

లాక్లన్‌కి కూతురి పెళ్ళి గొర్రెల మధ్యే కనిపించింది.

“సంతకానికి ముందు ఒక్క కోరిక,” అంది హెన్రియెట్టా, వంగి బూట్ల తాళ్ళు బిగించుకుంటూ. “ఇప్పుడు దీన్ని అసలు వేగంలో వాయించండి లాక్లన్ గారూ, మా తాతమ్మ పీడ విరగడైందని మీవాళ్ళూ మా ముత్తాతా చేతులు పట్టుకుని తెల్లవార్లూ గంతులేసిన వేగంలో.”