ఖాళీ కాని డ్రైవ్

చాండ్లర్‌లో కొన్న కొత్తింట్లో తెల్లారితే గృహప్రవేశం. పూజసామాను దింపడానికి ఒక్కడే వచ్చిన వేణుమాధవ్, వీడియో తీసే అబ్బాయికివ్వాల్సిన ఎక్స్‌టర్నల్ డ్రైవ్ కూడా రెడీ చేసేద్దామని ఖాళీ హాల్లో లాప్‌టాప్ తెరిచాడు.

"పాలు పొంగించకుండా రాత్రిపూట ఆ ఇంట్లో ఉండకూడదండీ," అంది భార్య రజిని ఫోన్‌లో.

"ఐదు నిమిషాల పని. ఫార్మాట్ చేసి వచ్చేస్తా."

ఇలాంటివి అతనికి మంచినీళ్లప్రాయం. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేస్తే పెద్ద వీడియో పట్టదు. ఎన్‌టీఎఫ్ఎస్ అయితే ఆ అబ్బాయి మ్యాక్‌లో ఫైళ్లు కనిపిస్తాయే గానీ కొత్తవి ఎక్కవు. ఎక్స్‌ఫ్యాట్ రెండు వైపులా పనిచేస్తుంది. ధీమాగా దాన్నే నొక్కాడు.

ఫార్మాట్ అయింది. ఖాళీగా ఉండాల్సిన కొత్త డ్రైవ్‌లో ఒక వీడియో ఉంది. పేరు 'గృహప్రవేశం'.

ఎవరో వాడేసింది అంటగట్టారని, ఫార్మాట్ సరిగ్గా కాలేదని నవ్వుకుని మళ్లీ ఫార్మాట్ చేశాడు. డ్రైవ్ కాసేపు టిక్కుటిక్కుమని ఆగింది. ఆ తర్వాత ఇంట్లో ఏ చప్పుడూ లేదు. వీడియో మాత్రం అలాగే ఉంది.

తెరిచాడు. ఈ ఇంటి వంటగదే. పట్టుచీరలో రజిని పొంగుతున్న పాలను వదిలేసి గుమ్మం వైపు చూస్తోంది.

"ముహూర్తం దాటిపోతోందమ్మా," అంటున్నారు పంతులుగారు.

"ఐదు నిమిషాల్లో వస్తానన్నారండీ," అంది రజిని ఏడుపు గొంతుతో. "ఆయన బూట్లు ఇక్కడే ఉన్నాయి."

వేణుమాధవ్‌కి మళ్లీ నవ్వొచ్చింది. ఇప్పుడే ఇంటికెళ్లిపోతే ఇదంతా అబద్ధమైపోతుంది కదా! బూట్లు కూడా తొడుక్కోకుండా లేచి వెళ్లి, వీధి తలుపు బార్లా తీశాడు.

అవతల వీధీ, తను ఆపిన కారూ లేవు. అదే ఖాళీ హాలు. నేల మీద లాప్‌టాప్ వెలుగుతోంది. వంటగదిలోంచి పాలు కాగుతున్న వాసన వస్తోంది.