బొటనవేలు పెట్టకూడదు

పొద్దున్నే కాఫీతో పాటు ఇంట్లో అందరి నాడీ గోడలో అమర్చిన యంత్రమే చూసి చెప్పేసే రోజులవి. ఫిజియాలజీ డిగ్రీ చదువుతున్న మృదులకి మాత్రం రేపు విచిత్రమైన ప్రాక్టికల్స్. ఒట్టి వేళ్లతో నాడి పట్టాలట! నేర్చుకోమని వాళ్ల నాన్న వీర్రాజు చెయ్యి చాపాడు.

"అయ్యో నాన్నా, నీ గుండె దడదడలాడిపోతోంది!"

"వీర్రాజు గారు కులాసా," అంది గోడ. "మృదులా, బొటనవేలితో పట్టావు. నీకు తగులుతున్నది నీ నాడే. పరీక్షంటే భయమా?"

మృదుల కళ్లలో నీళ్లు తిరిగాయి.

"దీనికి నోరెక్కువైంది," అంటూ వీర్రాజు లేచి మీటతో గోడ నోరు నొక్కేసి, మళ్లీ చెయ్యిచ్చాడు.

ఈసారి మూడు వేళ్లు ఆనించింది. చాలాసేపు వెతికి, "దొరికింది నాన్నా!" అని ఎగిరి గంతేసింది.

కూతురు తన చెయ్యి పట్టుకుని ఎన్నాళ్లయిందో.

"సరిగ్గా చూశావా? ఏదీ, మళ్లీ చూడు," అన్నాడు వీర్రాజు.