నిండు కప్పు

అబూ నవ్వాఫ్ కాఫీ ముట్టలేదు. ఆఫీసు నడిపే సుహాద్ అందించిన కప్పును అలాగే బల్లమీద పెట్టి, చేతికర్రమీద రెండు చేతులూ ఆన్చి కూర్చున్నాడు.

ఆఫీసులో ఉన్న ముగ్గురికీ సంగతి అర్థమైంది. ముసలాయన ఏదో కోరడానికే వచ్చాడు. "తాగండి, మీ మాట నెరవేరినట్టే" అని ఎదుటివాళ్లు అనేదాకా పెద్దమనిషి కప్పు ఎత్తడు, కోరికేమిటో చెప్పడు. అన్నాక, ఏమడిగినా కాదనడానికి లేదు. అనకుండా, చల్లారిన కప్పు వదిలి లేచిపోనిస్తే, ఇక అమ్మాన్‌లో ఆ చిన్న ప్రకటనల ఆఫీసు గడప ఎవరూ తొక్కరు.

ఏం కోరతాడో తాలాకు తెలుసు. తనను తీసెయ్యమంటాడు.

ఆదివారం సల్త్ రోడ్డు మలుపులో, సరిగ్గా ఆయన ఇంటికి ఎదురుగా, ఆయన అమ్మే కాఫీ పొడి కోసం పెద్ద బోర్డు కట్టారు. "ఇల్లు మీదే అనుకోండి" అని అక్షరాలు, కింద కాఫీ కప్పు. ఫొటో తీసింది తాలా. అడుగున కాస్త పోస్తే కెమెరాకు కప్పు ఖాళీగా కనబడుతోందని అంచుదాకా నింపింది. తర్వాత ముగ్గురూ వెలుగు చూశారు, రంగు చూశారు, అక్షరాలు చూశారు. కాఫీ ఎంత ఉందో ఒక్కరూ చూడలేదు.

సోమవారం పొద్దున్నే, ప్రకటనలకు మాటలు రాసే యజాన్‌కు మేనత్త ఫోన్ చేసింది. "ఏరా, అతిథికి నిండా పోస్తే 'తాగి వెళ్లిపో' అన్నట్టు కదా, రమ్మని పిలిచి అలా పోస్తారా? మీ అమ్మలు మీకేమీ నేర్పలేదా?" మంగళవారానికి ఊరంతా నవ్వింది. బుధవారం అబూ నవ్వాఫ్ ఫోన్ చేసి రెండే మాటలన్నాడు. "ఆ ఫొటో తీసిన పిల్లెవరు? రేపొస్తున్నా, ఉండమనండి."

"కాఫీ చల్లారిపోతోంది బాబాయ్," అంది సుహాద్.

"చల్లారనీ తల్లీ."

"బోర్డు శనివారం దింపించేస్తాం. నిచ్చెనవాళ్లకు చెప్పేశాను కూడా."

"అప్పుడే?" కర్ర నేలకేసి కొట్టాడాయన. "ఎవర్నడిగి?"

సుహాద్ తాలా వైపు చూసింది. ఈ ఆఫీసుకు మొదటి బల్లను తనతోపాటు మూడంతస్తుల మెట్లమీద మోసుకొచ్చింది తాలానే.

యజాన్ సుహాద్ చెవి దగ్గరకు వంగాడు. "అక్కా, కావాలంటే నన్ను పంపేసెయ్. నా రాతలకు ఎలాగూ గిరాకీ లేదు."

కాఫీమీద ఆవిరి ఆగిపోయింది. అబూ నవ్వాఫ్ కర్రమీద బరువు మోపి మెల్లగా లేవబోయాడు.

"తాగమని అనెయ్ అక్కా," అంది తాలా. కెమెరా సంచి అప్పటికే ఆమె భుజాన ఉంది. "నేను ఇంకెక్కడైనా చూసుకుంటాలే."

"నువ్వు నోర్ముయ్." సుహాద్ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి వదలకుండానే ముసలాయన వైపు తిరిగింది. "తాగండి బాబాయ్. మీ మాట... నెరవేరినట్టే."

అబూ నవ్వాఫ్ మళ్లీ కూర్చున్నాడు. చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగి, ఇక చాలన్నట్టు కప్పును అటూ ఇటూ ఊపి, తాలాను ఎగాదిగా చూశాడు.

"తీసింది నువ్వేనా?"

"నేనే బాబాయ్."

"అయితే నువ్వూ విను. ఆ బోర్డు దింపడానికి వీల్లేదు."

తాలా భుజంమీంచి సంచి జారింది. "దింప... వద్దా?"

ముసలాయన తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"ఇంకొక్క వారం ఉండనివ్వండి తల్లీ. పోయిన రంజానుకు మా ఇంటికొచ్చి దిగిన బామ్మర్ది, కిటికీలోంచి దాన్ని చూసి చూసి, నిన్ననే పెట్టె సర్దడం మొదలెట్టాడు."