సాక్షమ్మ సంతకం

"ఈవిడ వద్దు. ఇంకెవరినైనా పిలవండి" అంది వీలునామా రాయించడానికి వచ్చిన పెద్దావిడ.

పెన్ను మూత తీసి నిలబడ్డ జెరాక్స్ షాపులో పనిచేసే ఆవిడ ముఖం చిన్నబోయింది.

ప్లీడరు గారి దగ్గర ఎవరు వీలునామా రాసినా, సాక్షి సంతకానికి కింది షాపు నుంచి ఆమే రావాలి. అందుకే వీధంతా ఆమెను సాక్షమ్మ అంటుంది. ఆ పేరంటే ఆమెకు కాస్త గర్వం కూడా.

"నా సంతకానికి ఏం తక్కువైందండీ?"

ప్లీడరు గారు పక్క గదిలోంచి ఇంకొకరిని పిలిచారు.

సాక్షమ్మ విసవిసా మెట్లు దిగిపోయింది.

పెద్దావిడది ఎదురిల్లు. ఒంటరి మనిషి, ఎవరితోనూ కలవదు. సాయంత్రం పని అయ్యాక సాక్షమ్మ చూపు లేని పిల్లలను షాపులో కూర్చోబెట్టుకుని పాఠాలు చదివి వినిపిస్తుంటే, ఆవిడ తన గుమ్మంలో కుర్చీ వేసుకుని విసుక్కుంటుంది.

"గట్టిగా చదువు. నూతిలోంచి మాట్లాడినట్టుంది."

ఆ చదువుకు కూడా గండం వచ్చింది. వచ్చే నెల నుంచి సాయంత్రాలు పిల్లలు ఇక్కడ కనబడకూడదని షాపు యజమాని తేల్చేశాడు. అసలే ఆ దిగులుతో ఉంటే, పైన ఇదొకటి.

ఆ సాయంత్రం పెద్దావిడే పలకరించింది.

"ఇవాళ చదవవా?"

"సంతకానికి పనికిరానిదాన్ని, చదువుకు పనికొస్తానా?"

"పనికొస్తావులే" అని నవ్వి లోపలికి వెళ్లిపోయింది పెద్దావిడ.

ఆ నవ్వుకు సాక్షమ్మకు ఒళ్ళు మండింది. మళ్ళీ ఆమెతో మాట్లాడలేదు.

నెల తిరిగింది. చదువు షాపులోంచి మెట్ల కిందికి మారింది. వాన పడితే అదీ లేదు.

ఆ వానల్లోనే పెద్దావిడ పోయింది.

కొన్నాళ్ళకు ప్లీడరు గారు పిలిపించారు. సాక్షమ్మ అలవాటుగా పెన్ను పట్టుకుని వెళ్లింది.

"ఎవరి వీలునామా అండీ?"

"పెన్ను లోపల పెట్టమ్మా. వీలునామాలో పేరున్నవాళ్ళు సాక్షి సంతకం పెడతానంటే నువ్వేమంటావు?"

"పెట్టొద్దంటాను. పెడితే ఎవరైనా పేచీ పెట్టి, వాళ్ళకు రావలసింది రాకుండా చేయొచ్చు కదా."

"ఆవిడా అదే అంది."

ప్లీడరు గారు తాళాల గుత్తి ఆమె చేతిలో పెట్టారు.

"ఎదురిల్లు నీ పేర రాసింది, పిల్లల చదువు కోసం. తను ఉండగా చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది."

సాక్షమ్మ తాళాల గుత్తిని రెండు చేతులా పట్టుకుంది. తనకు ఒకరు ఏదైనా రాసిస్తారని ఆమె కలలో కూడా అనుకోలేదు. ఒక్కసారి పలకరించి ఉంటే ఎంత బాగుండేదని గుండె కలుక్కుమంది.

ఆ సాయంత్రం పిల్లలు గోడలు తడుముకుంటూ ఎదురింట్లోకి వచ్చారు. సాక్షమ్మ పెద్దావిడ కుర్చీని గుమ్మంలో ఎప్పుడూ ఉండే చోటే వేసి, వీధి చివరిదాకా వినబడేలా గొంతెత్తి చదివింది.

"ఇంత పెద్ద గది ఎవరిది అత్తా?" అంది ఒక పిల్ల.

"నా సంతకం వద్దన్నావిడది" అంది సాక్షమ్మ, గర్వంగా.