అడ్డం పడేవాడు

"ఈడికి గోలు కొట్టడం ఎవరూ నేర్పలేదేంటే?" ఏలియా స్టాండ్‌లో కూర్చుని భార్య మీద విసుక్కున్నాడు.

కృపామణి చూపంతా మంచు మీద ఆడుతున్న కొడుకు షాలేమ్ మీదే ఉంది. రెండు ఇంగ్లండ్ ఊళ్ళ జట్ల మధ్య ఐస్ హాకీ ఆట ముగియవచ్చింది. స్విండన్ మీద కోవెంట్రీ ఒక్క గోలు ముందుంది. షాలేమ్ కోవెంట్రీ డిఫెన్స్‌లో ఆఖరి వరసవాడు. అతణ్ణి వచ్చే సీజన్‌కి ఉంచుకోవాలో, ఇంటికి పంపాలో ఈ ఆటతో తేల్చేస్తానని కోచ్ ముందే చెప్పాడు.

స్విండన్ ఆటగాడు కర్ర ఎత్తి బలంగా కొట్టాడు. రాయిలాంటి రబ్బరు పక్ గోలు వైపు దూసుకొచ్చింది. షాలేమ్ మోకాళ్ళ మీద జారుతూ దానికి అడ్డం పడ్డాడు. పక్కటెముకలకు తగిలిన చప్పుడు స్టాండ్ దాకా వినిపించింది. కృపామణి కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఓరి పిచ్చోడా! పక్కకి తప్పుకోవచ్చుగా!" అని అరిచాడు ఏలియా.

గోల్‌కీపర్ ఉన్నది మరి దేనికి? అందరి పిల్లలూ గోల్స్ కొట్టి చప్పట్లు కొట్టించుకుంటుంటే వీడు దెబ్బలు తినడానికే పుట్టినట్టున్నాడు. రేపు చర్చిలో నలుగురికీ ఏమని చెప్పుకోవాలి? ఏలియాకు తల కొట్టేసినట్టయింది.

షాలేమ్ లేచాడు. అంతలోనే మరో షాట్. ఈసారి చీలమండకు తగిలింది. కుప్పకూలాడు. పక్ మళ్ళీ ఆ స్విండన్ వాడికే దొరికింది. గోల్‌కీపర్ జారిపడి ఉన్నాడు. గోలు ఖాళీ.

ఏలియా తనకు తెలియకుండానే లేచి నిలబడ్డాడు. "ఆపరా నాన్నా! అడ్డం పడరా!"

షాలేమ్ పాకుతూ వెళ్ళి ఛాతీ అడ్డం పెట్టాడు. పక్ తగిలి పక్కకు పోయింది. ఆట ముగిసిందని సైరన్ మోగింది. స్టాండ్ మొత్తం గొంతెత్తి షాలేమ్ పేరే అరిచింది.

ఏలియా రొమ్ము విరుచుకుని మెట్లు దిగాడు. "మై సన్! మై బ్లడ్!" అని ఎదురైనవాళ్ళందరికీ చెప్పుకుంటూ బెంచి దగ్గరికి వెళ్ళాడు. కృపామణి వెనకే వచ్చి, కుంటుతున్న కొడుకు చెయ్యి పట్టుకుంది.

కోచ్ ఏలియా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "వచ్చే సీజన్ మీవాడు నా జట్టులోనే! షాట్ వస్తుంటే ఎంతటివాడైనా కళ్ళు మూసుకుంటాడు. ఇతను రెప్ప కూడా వెయ్యడు. ఎవరు నేర్పారు?"

"చెప్పరా, ఎవరు నేర్పేరో చెప్పు!" ఏలియా కొడుకు భుజం తట్టాడు.

ఇంట్లో ఎప్పుడూ ఇంగ్లీషులోనే బదులిచ్చే షాలేమ్, కోచ్‌కి అర్థం కాకూడదని తెలుగులో మెల్లగా అన్నాడు:

"నువ్వు మమ్మీ మీద చెయ్యెత్తినప్పుడల్లా మధ్యలోకి వచ్చేది నేనే కదా, డాడీ."